పుట్టుమచ్చ నేర్పిన షార్ట్‌కట్

మా బాబాయికి నరసరావుపేటలో చిన్న ఫొటో స్టూడియో ఉండేది. ముందు గదిలో కౌంటరు, ఓ చెక్క బెంచీ. వెనక గదిలో నీలం తెర, రెండు గొడుగు లైట్లు, మూలన కంప్యూటరు. ఇంజనీరింగ్ చదివే రోజుల్లో సెలవులొస్తే నా మకాం అక్కడే. ఇప్పుడు హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నా, ఫొటోషాప్ మాత్రం నాకు కాలేజీ నేర్పలేదు. ఆ వెనక గది నేర్పింది.

బాబాయి పనిచేస్తుంటే చూడ్డం భలే సరదాగా ఉండేది. హార్మోనియం వాయించేవాళ్లలాగా రెండు చేతులకీ రెండు పనులు. కుడిచెయ్యి మౌస్ మీద, ఎడమచెయ్యి కీబోర్డు మీద. మెనూల జోలికి వెళ్లేవాడే కాదు. నేను మౌస్‌తో పైకెళ్లి, మెనూ తెరిచి, అందులో నాక్కావాల్సింది ఎక్కడుందో వెతుక్కునేలోపు ఆయన రెండు ఫొటోలు ప్రింటుకి పంపేసేవాడు. "ఎడమచెయ్యి ఊరికే కూర్చుంటే పని సగమే అవుతుందిరా" అనేవాడు.

ఆ మాట నేను బాగానే పట్టుకున్నా. నెల తిరిగేసరికి షార్ట్‌కట్లన్నీ నోటికొచ్చేశాయి. ఆయనకంటే వేగంగా చేస్తున్నానని లోపల కొంచెం గర్వం కూడా. అది దిగిపోవడానికి ఒక్క సాయంత్రం చాలింది.

రెండో సంవత్సరం వేసవి సెలవులు. మధ్యాహ్నం ఒక పెద్దావిడ, ఆవిడ మరిది కలిసి వచ్చారు. ఆవిడ భర్త పోయారు. మర్నాడు పెద్దకర్మ. ఇంట్లో ఆయన ఫొటో ఒక్కటే ఉంది, అదీ ఎప్పటిదో బ్లాక్ అండ్ వైట్. మధ్యలో మడత, వాన నీళ్లు పడి అక్కడక్కడా మరకలు. "పెద్దది చేసి ఫ్రేము కట్టివ్వాలి బాబూ, రేపు పొద్దున్నే కావాలి" అన్నారు. బాబాయి పెళ్లి ఆర్డర్ మీద బయట ఉన్నాడు. నేనే స్కాన్ చేసుకుని ఫొటో వెనక్కి ఇచ్చేశా. మరిది అది తీసుకుని ఊరెళ్లిపోయాడు. ఆవిడ బజారు పనులు చూసుకుని సాయంత్రం వస్తానన్నారు.

నాకు పట్టిందల్లా అరగంట. హీలింగ్ బ్రష్‌తో మడత తీసేశా, మరకలు తుడిచేశా, సేవ్ కొట్టి ఫైల్ మూసేసి ప్రింట్ తీశా. అద్దంలా వచ్చింది.

సాయంత్రం ఆవిడ వచ్చి ఫొటో చేతిలోకి తీసుకున్నారు. చాలాసేపు చూశారు. తర్వాత మెల్లగా అడిగారు. "మొహం ఆయనదే గానీ... గడ్డం పక్కన పుట్టుమచ్చ ఏది బాబూ?"

నేను దాన్ని మరక అనుకుని తుడిచేశాను.

ఆ తర్వాత ఏం జరిగిందో చివర్లో చెప్తా. ముందు, ఆ వెనక గదిలో నేర్చుకున్నవి, ఈ పదేళ్లలో కలుపుకున్నవి మీ ముందు పెడతాను. ఫొటోషాప్‌లో షార్ట్‌కట్లు వందల్లో ఉన్నాయి. అన్నీ అక్కర్లేదు. ఓ ఇరవై చేతికి అలవాటైతే రోజువారీ పని గడిచిపోతుంది. మ్యాక్ వాడేవాళ్లు కంట్రోల్ అన్నచోట కమాండ్ అనీ, ఆల్ట్ అన్నచోట ఆప్షన్ అనీ చదువుకోండి.

ముందు ఫొటోలో తిరగడం నేర్చుకోండి

కొత్తగా నేర్చుకునేవాళ్ల టైమ్ ఎక్కువగా పోయేది ఎడిటింగ్‌లో కాదు, ఫొటోని దగ్గరికి తెచ్చుకోవడం, దూరం జరపడం, పక్కకి లాగడంలో. చేతిలో ఏ టూల్ ఉన్నా సరే, స్పేస్‌బార్ నొక్కిపట్టి మౌస్‌తో లాగితే ఫొటో కదులుతుంది. వదిలితే మళ్లీ మీ టూలే. ఆల్ట్ పట్టుకుని మౌస్ చక్రం తిప్పితే దగ్గరికీ దూరానికీ వెళ్తుంది. కంట్రోల్ 0 కొడితే ఫొటో మొత్తం తెరలో ఇమిడిపోతుంది. కంట్రోల్ 1 కొడితే అసలు సైజులో, అంటే 100 శాతంలో కనబడుతుంది.

ఈ చివరి రెండూ మార్చి మార్చి నొక్కడం అలవాటు చేసుకోండి. బాగా దగ్గరికెళ్లి పనిచేసేటప్పుడు మనకి చుక్కలే కనబడతాయి, మనిషి కనబడడు. ఆ రోజు నేను ఒక్కసారి కంట్రోల్ 0 కొట్టి దూరం నుంచి చూసుంటే, మరకలన్నీ కాగితం మీద ఎటుబడితే అటు పాకి ఉన్నాయనీ, ఆ ఒక్క చుక్క మాత్రం గుండ్రంగా, ఒద్దికగా ఉందనీ తెలిసేది.

బ్రష్ పట్టినప్పుడు

బ్రష్ సైజు మార్చడానికి ప్రతిసారీ పైన ఉన్న పెట్టె తెరవక్కర్లేదు. కీబోర్డులో పి అక్షరం పక్కనున్న రెండు స్క్వేర్ బ్రాకెట్ల కీలు చూడండి. మొదటిది నొక్కితే బ్రష్ చిన్నదవుతుంది, రెండోది నొక్కితే పెద్దదవుతుంది. షిఫ్ట్‌తో కలిపి నొక్కితే అంచు మెత్తగానో గట్టిగానో మారుతుంది. అంకెలు నొక్కితే రంగు చిక్కదనం మారుతుంది. 5 నొక్కితే 50 శాతం, 0 నొక్కితే 100.

డి నొక్కితే రంగులు మళ్లీ నలుపు, తెలుపు అవుతాయి. ఎక్స్ నొక్కితే ఆ రెండూ తారుమారవుతాయి. ఇవి ఎందుకంత ముఖ్యమో మాస్క్ దగ్గర చెప్తా. ఆల్ట్ బ్యాక్‌స్పేస్ ముందు రంగుతో నింపుతుంది, కంట్రోల్ బ్యాక్‌స్పేస్ వెనక రంగుతో.

ఇంకో మాట. బ్రష్ గుండ్రం హఠాత్తుగా మాయమై చిన్న ప్లస్ గుర్తు కనబడుతోందా? సాఫ్ట్‌వేర్ పాడైందని తీసేసి మళ్లీ ఎక్కించుకున్నవాళ్లని చూశాను. క్యాప్స్ లాక్ ఆన్‌లో ఉంది, అంతే. ఓసారి నొక్కితే గుండ్రం తిరిగొస్తుంది.

అన్నిటికంటే పెద్ద షార్ట్‌కట్

ఇప్పుడు అసలు విషయానికొద్దాం. ఫొటో తెరవగానే చేయాల్సిన మొదటి పని కంట్రోల్ జె. ఉన్న లేయర్‌కి నకలు తయారవుతుంది. చేసేదంతా ఆ నకలు మీదే చేయండి. కింద అసలుది భద్రంగా ఉంటుంది. నకలు పక్కనున్న కన్ను గుర్తు నొక్కి మూస్తే పాతదీ తెరిస్తే కొత్తదీ కనబడతాయి. ఎక్కడ ఎక్కువ తుడిచేశామో అప్పుడే తెలిసిపోతుంది. లేయర్లు చాలా ఉంటే ఆల్ట్ పట్టుకుని కింది లేయర్ కన్ను నొక్కండి. మిగతావన్నీ ఒక్కసారే మూసుకుంటాయి. మళ్లీ అలాగే నొక్కితే తెరుచుకుంటాయి.

పాత ఫొటోలు బాగుచేసేటప్పుడు ఇంకో మెట్టు పైకెళ్లొచ్చు. కంట్రోల్, ఆల్ట్, షిఫ్ట్ మూడూ పట్టుకుని ఎన్ కొడితే ఖాళీ లేయర్ వస్తుంది. హీలింగ్ బ్రష్ తీసుకుని, పైన శాంపుల్ అన్నచోట 'కరెంట్ అండ్ బిలో' పెట్టుకోండి. ఇక మీరు చేసే రిపేరంతా ఆ ఖాళీ లేయర్ మీదే పడుతుంది. పొరపాటున పుట్టుమచ్చ తుడిచేశారే అనుకోండి, ఎరేజర్‌తో ఆ ఒక్కచోట రుద్దితే చాలు, కింద నుంచి అసలు మచ్చ బయటపడుతుంది. మిగతా పని చెక్కుచెదరదు.

మాస్క్ కూడా ఇదే పద్ధతి. బ్యాక్‌గ్రౌండ్ తీసేయడానికి ఎరేజర్ వాడితే ఆ చోటు శాశ్వతంగా పోతుంది. దాని బదులు నకలు లేయర్‌కి మాస్క్ పెట్టి, కింద అసలు లేయర్ కన్ను మూసేసి, మాస్క్ మీద నలుపు పూయండి. కనబడకుండా పోతుంది. ఎక్కువ పోయిందా? ఎక్స్ నొక్కి తెలుపు పూయండి, తిరిగొచ్చేస్తుంది. డి, ఎక్స్ అన్న రెండు కీలు ఇక్కడే అన్నం పెడతాయి. పెళ్లికూతురి జుట్టు అంచుల దగ్గర తంటాలు పడేవాళ్లకి ఈ మాట విలువ తెలుస్తుంది.

వెలుగు నీడలు సరిచేయడానికి చాలామంది కంట్రోల్ ఎల్ కొట్టి లెవెల్స్ మార్చేస్తారు. అది లేయర్ మీదే అచ్చుపడిపోతుంది. లేయర్స్ ప్యానెల్ అడుగున సగం నలుపు, సగం తెలుపు ఉన్న గుండ్రం గుర్తు ఉంది కదా, అక్కడ్నుంచి లెవెల్స్ తీసుకోండి. అది వేరే లేయర్‌గా కూర్చుంటుంది. నెల తర్వాత తెరిచినా మార్చుకోవచ్చు. దీనికి ఓ రెండు సెకన్లు ఎక్కువ పడుతుంది. ఆ రెండు సెకన్లకి లోభం చేయకండి.

వెనక్కి వెళ్లే దారి

వెనక్కి తిరగడమన్నది ఈ సాఫ్ట్‌వేర్‌లో మొదట్నుంచీ ఇంత సులువుగా లేదు. థామస్ నోల్, జాన్ నోల్ అనే అన్నదమ్ములు తయారుచేసిన ఫొటోషాప్ మొదటి వర్షన్ 1990లో వచ్చింది. లేయర్లు వచ్చింది 1994లో, వర్షన్ 3తో. మెట్టుమెట్టుగా వెనక్కి వెళ్లనిచ్చే హిస్టరీ 1998లో, వర్షన్ 5తో. అంతకుముందు ఒక్క అడుగే వెనక్కి. తర్వాత కూడా చాలా ఏళ్లు కంట్రోల్ జెడ్ మళ్లీ నొక్కితే ముందున్నచోటికే తెచ్చేది, ఇంకా వెనక్కి పోవాలంటే ఆల్ట్ కూడా కలపాలి. 2018 అక్టోబర్‌లో వచ్చిన వర్షన్ నుంచి కంట్రోల్ జెడ్ ఎన్నిసార్లు నొక్కితే అన్ని అడుగులు వెనక్కి వెళ్తోంది. పాత వర్షన్ వాడే స్టూడియోల వాళ్లు ఈ తేడా గుర్తుపెట్టుకోండి.

ఎడిట్, ప్రిఫరెన్సెస్, పెర్ఫార్మెన్స్‌లోకి వెళ్తే హిస్టరీ స్టేట్స్ అని ఒక అంకె ఉంటుంది. పెంచితే ఎక్కువ అడుగులు వెనక్కి వెళ్లొచ్చు, కాకపోతే మెమరీ తింటుంది. ఎంత పెంచినా ఒక్క సంగతి మారదు. ఫైల్ మూసిన క్షణంలో హిస్టరీ పోతుంది. ఆ రోజు నాకు అడ్డం తిరిగింది అదే.

అందుకే రెండు అలవాట్లు. పని మధ్యలో ఉన్న ఫైల్‌ని పీఎస్‌డీగానే దాచండి, లేయర్లన్నీ అందులో ఉంటాయి. ప్రింటుకో వాట్సాప్‌కో జేపెగ్ కావాలంటే కంట్రోల్ ఆల్ట్ ఎస్ కొట్టండి. అది విడిగా కాపీ దాస్తుంది, అసలు ఫైల్ జోలికి రాదు. జేపెగ్‌ని తెరిచి మార్చి మళ్లీ జేపెగ్‌గానే సేవ్ చేస్తుంటే ప్రతిసారీ కొంత నాణ్యత పోతుందని కూడా మరిచిపోవద్దు.

ఒకే పని వందసార్లు చేయాల్సివస్తే

పాస్‌పోర్ట్ సైజు ఫొటోలు ఒక్కొక్కటీ కాపీ చేసి వరసలో పేర్చేవాళ్లు ఇంకా ఉన్నారు. బాబాయి పద్ధతి చూడండి. క్రాప్ టూల్‌లో వెడల్పు 35 మిల్లీమీటర్లు, ఎత్తు 45 మిల్లీమీటర్లు, రిజల్యూషన్ 300 పెట్టి కత్తిరించండి. తర్వాత కంట్రోల్ ఆల్ట్ సి కొట్టి కాన్వాస్ సైజు 450 పిక్సెల్స్ వెడల్పు, 600 పిక్సెల్స్ ఎత్తు ఇవ్వండి, రంగు తెలుపు. ఫొటో చుట్టూ తెల్ల అంచు వస్తుంది. ఇప్పుడు ఎడిట్ మెనూలో డిఫైన్ ప్యాటర్న్. ఆపైన కంట్రోల్ ఎన్‌తో 1800 వెడల్పు, 1200 ఎత్తు, రిజల్యూషన్ 300తో కొత్త పేజీ తెరవండి. అది 6 అంగుళాలకి 4 అంగుళాల కాగితం. షిఫ్ట్ ఎఫ్5 కొట్టి, ప్యాటర్న్ ఎంచుకుని, ఇందాక దాచింది ఇవ్వండి. అడ్డంగా నాలుగు, నిలువుగా రెండు, మొత్తం ఎనిమిది ఫొటోలు లెక్కగా కూర్చుంటాయి. కత్తెరకి మధ్యలో చోటు కూడా ఉంటుంది.

దీన్నే ఇంకా తగ్గించొచ్చు. ఆల్ట్ ఎఫ్9 కొడితే యాక్షన్స్ ప్యానెల్ వస్తుంది. కొత్త యాక్షన్ మొదలుపెట్టి, ఎఫ్2 నుంచి ఎఫ్12 వరకు ఒక కీ ఇచ్చి, కాన్వాస్ సైజు లాంటి ఎప్పుడూ మారని పనుల్ని ఒకసారి చేసి చూపించండి. ఆ తర్వాత ఆ కీ నొక్కితే అదే చేసుకుపోతుంది. కత్తిరించడం మాత్రం మనిషి మనిషికీ మారుతుంది కాబట్టి చేత్తోనే చేయండి.

ఒక ఫోల్డర్‌లో ఉన్న ఫొటోలన్నిటికీ ఒకే యాక్షన్ నడపాలంటే ఫైల్, ఆటోమేట్, బ్యాచ్. ఇక్కడ జాగ్రత్త. డెస్టినేషన్ అన్నచోట 'సేవ్ అండ్ క్లోజ్' పెడితే అసలు ఫొటోల మీదే రాసేస్తుంది. 'ఫోల్డర్' పెట్టి వేరే చోటు చూపించండి. నేను ఒక్క ఫొటో మీద చేసిన తప్పుని ఇది క్షణాల్లో మూడొందల ఫొటోల మీద చేసిపెడుతుంది! బంధువులకి పంపడానికి ఫొటోల సైజు తగ్గించాలంతే అంటే యాక్షన్ కూడా అక్కర్లేదు. ఫైల్, స్క్రిప్ట్స్‌లో ఇమేజ్ ప్రాసెసర్ ఉంది. తగ్గించిన జేపెగ్‌లని వేరే ఫోల్డర్‌లో పెట్టి ఇస్తుంది.

మన తెలుగు కోసం

శుభలేఖల మీద యూనికోడ్ తెలుగు పెట్టినప్పుడు ఒత్తులు విడిపోయి పక్కన పడుతున్నాయా? ఫాంట్ మీద విసుక్కోకండి. పాత వర్షన్లలో అయితే ప్రిఫరెన్సెస్‌లో టైప్ అన్నచోట టెక్స్ట్ ఇంజన్‌ని 'మిడిల్ ఈస్టర్న్ అండ్ సౌత్ ఏషియన్' లేదా 'వరల్డ్ రెడీ' అని మార్చండి. వర్షన్‌ని బట్టి పేరు మారుతుంది. ఫొటోషాప్ మూసి తెరిచి, పేరాగ్రాఫ్ ప్యానెల్ మూలనున్న మెనూలో కూడా వరల్డ్ రెడీ లేఅవుట్ ఎంచుకోండి. ఒత్తులు వాటి చోటికి అవి వచ్చేస్తాయి. ఫొటోషాప్ కొనే స్తోమత లేనివాళ్లకి జింప్ ఉంది, అది ఉచితం. బ్రౌజర్‌లో నడిచే ఫొటోపీ పీఎస్‌డీ ఫైళ్లు కూడా తెరుస్తుంది. షార్ట్‌కట్లు అక్కడక్కడా మారతాయి గానీ, నకలు మీద పనిచేయడమన్న పద్ధతి అన్నిచోట్లా ఒకటే.

ఇక ఆ సాయంత్రం సంగతి

ఫైల్ మూసేశాను కాబట్టి హిస్టరీ లేదు. స్కాన్ మీదే సేవ్ కొట్టాను కాబట్టి అసలుది లేదు. ఉన్న ఒక్క ఫొటో పద్దెనిమిది కిలోమీటర్ల దూరంలో మరిది దగ్గరుంది. ఊహించి ఓ చుక్క పెట్టేద్దామా అని ఒక్క క్షణం అనిపించింది. ఎంత పెద్దది పెట్టాలో, ఎక్కడ పెట్టాలో ఆవిడనే అడగాలి. ఆ మాట నోరు దాటి రాలేదు.

అప్పటికే బాబాయి వచ్చాడు. సంగతి విన్నాడు. నన్నేమీ అనలేదు. ఆవిడతో "అరగంట కూర్చోండమ్మా" అని చెప్పి స్కూటర్ తీశాడు. అది అరగంట పని కాదని ముగ్గురికీ తెలుసు.

ఆవిడ బెంచీ మీద కూర్చున్నారు. నేను మంచినీళ్లిచ్చాను. కాసేపటికి ఆవిడే అన్నారు. "పెళ్లిచూపుల్లో తలెత్తి మొహం చూడలేదు బాబూ. ఆ మచ్చ ఒక్కటే కంటబడింది." ఇంకేం చెప్పలేదు. నాకేం మాట్లాడాలో తెలియలేదు. ఆవిడ ఎక్కాల్సిన ఆఖరి బస్సు వెళ్లిపోయింది.

బాబాయి వచ్చేసరికి తొమ్మిదిన్నర దాటింది. మళ్లీ స్కాన్ చేశాడు. తెరవగానే కంట్రోల్ జె కొట్టి, నా వైపు ఒకసారి చూసి, కుర్చీ నాకిచ్చాడు. "ముందు ఇది, తర్వాతే చెయ్యి పెట్టు" అన్నాడు. ఈసారి నాకు గంట పట్టింది. ప్రతి మరక దగ్గరా ఆగి, ఇది కాగితానిదా, మనిషిదా అని చూసుకున్నా. ఫ్రేము కట్టి ఇస్తే ఆవిడ అద్దం మీద నుంచే ఆ మచ్చ మీద వేలు పెట్టి చూసుకున్నారు. బాబాయి ఆ రాత్రి ఆవిడని ఊళ్లో దింపి వచ్చాడు.

లెక్క చూస్తే ఆ రోజు షార్ట్‌కట్లతో నేను మిగుల్చుకున్నది ఓ పది నిమిషాలు. పోగొట్టింది, భర్త పోయిన మనిషి నాలుగు గంటలు.

ఇప్పుడు ఆఫీసులో కోడ్ రాసేటప్పుడు కూడా మార్చిన ప్రతిదీ వెనక్కి తెచ్చుకునేలా దాచుకునే రాస్తాం. అది మా వృత్తిలో మొదటి పాఠం. నాకు మాత్రం ఆ పాఠం ఉద్యోగంలో చేరకముందే, ఓ చెక్క బెంచీ దగ్గర అయిపోయింది.

ఈ వారం మీకు నేనిచ్చే పని ఒక్కటే. మీ ఇంట్లో పాత ఫొటో ఏదైనా ఉంటే స్కాన్ చేసుకోండి. ఆ స్కాన్‌ని ఇంకో చోట కూడా ఒక కాపీ దాచండి. తెరిచి, ముందు కంట్రోల్ జె. తుడిచేముందు అమ్మనో నాన్ననో పక్కన కూర్చోబెట్టుకుని, ఏది మరకో ఏది మచ్చో అడగండి. ఆ కీ మాత్రం ఏ కీబోర్డు మీదా ఉండదు.